డార్క్‌రూమ్ సింక్ ఇంట్లోనే ఎలా కట్టుకోవాలి: ఒక ప్లైవుడ్ షీటు, మూడు కిలోల ఎపాక్సీ, సరైన వాటం

"తిరుపతిలో డార్క్‌రూమ్ సింక్ ఎక్కడ దొరుకుతుందన్నా?" నన్ను అందరూ అడిగేది ఇదే. డార్క్‌రూమ్ అంటే ఫిల్ము కడిగి, కెమికల్ ట్రేలలో ఫోటోలు ప్రింటు చేసుకునే చీకటి గది. అడిగేవాళ్లలో పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్లున్నారు, యూనివర్సిటీ పిల్లలున్నారు, నాన్న స్టూడియో సామాను అటక మీద నుంచి దింపి దుమ్ము దులుపుకున్నవాళ్లున్నారు. అంగడికి పోయి డార్క్‌రూమ్ సింక్ కావాలంటే వంటింటి సింక్ చూపిస్తారు. అది మనకు పనికిరాదు. లోతు ఎక్కువ, పొడవు తక్కువ. మూడు ట్రేలు పక్కపక్కన పట్టవు. కాబట్టి కట్టుకోవాల్సిందే. ఒక ప్లైవుడ్ షీటు, ఓపికున్న కార్పెంటర్, వారం రోజుల తీరిక ఉంటే చాలు.

సింక్ ఎందుకు, బాత్రూంలో పలక వేసి ట్రేలు పెట్టుకుంటే పోదా అంటారు. నేనూ రెండేళ్లు అలాగే చేశాను. ఫిక్సర్ (ఫోటో చెరిగిపోకుండా నిలిపే కెమికల్) చుక్కలు పలక మీద పడి ఆరిపోయేవి. ఆరితే తెల్లటి పొడి అవుతుంది. ఫ్యాను వేసినప్పుడు ఆ పొడి లేచి ఆరేసిన నెగెటివ్ మీద కూర్చునేది. ఒకసారి మా అమ్మమ్మ ఫోటో ప్రింటు చేస్తే చెంప మీద పొడి మచ్చలు వచ్చాయి. కెమెరాలో లోపమనీ లెన్సులో లోపమనీ నెల రోజులు వెతికాను. లోపం నేల మీద ఉంది. కెమికల్ చుక్క పడినచోట ఆరకూడదు, వెంటనే కడిగితే పోవాలి. సింక్ చేసే పని ఇదొక్కటే. దానికి కావాల్సింది వాటం. నీళ్లు ఎక్కడ పోసినా తూము దగ్గరికే పారాలి, చెంచాడు నీళ్లు కూడా నిలవకూడదు. ఇది కుదిరితే మిగతా పనిలో చిన్న తప్పులున్నా నడిచిపోతుంది. ఇది కుదరకపోతే ఎంత ఖరీదైన సామాను వాడినా లాభం లేదు.

ఏ సామానుతో కట్టాలి, దేనితో కట్టకూడదు

మన వైపు ఎవరిని అడిగినా మొదట చెప్పేది కడప బండ. వంటింటి గట్టుకీ అల్మారా అరలకీ అదే వేస్తాం కదా, సింక్ అడుగుకూ వేసేద్దాం అంటాడు మేస్త్రీ. వద్దు. కడప బండ సున్నపురాయి జాతి. స్టాప్ బాత్‌లో, అంటే బొమ్మ ఇంకా తేలకుండా ఆపే కెమికల్‌లో, ఉండేది ఎసిటిక్ యాసిడ్. బండ మీద నిమ్మకాయ పిండితే నిగనిగ పోయి గరుకు మచ్చ పడుతుంది చూడండి, ఇక్కడా అదే జరుగుతుంది. గరుకు తేలినచోట కెమికల్ ఇంకుతుంది. కింద సీసాలు పెట్టుకునే అరగా మాత్రం కడప బండ భేషుగ్గా ఉంటుంది.

గ్రానైట్ యాసిడ్‌కు తట్టుకుంటుంది, చిత్తూరు వైపు పాలిష్ పెట్టే యూనిట్లకూ కొదవ లేదు. కానీ బరువు. గాజు కొలజాడీ జారిందంటే ముక్కలే. సొంత ఇల్లయి, కింద ఇటుక గోడ కట్టగలిగితేనే ఆలోచించండి.

స్టీలు సింక్ చేయిస్తామనేవాళ్లు గ్రేడు అడిగి తెలుసుకోండి. చౌకగా వచ్చే 202 రకానికి ఫిక్సర్ తగిలితే చిన్న చిన్న గుంటలు పడి తుప్పు మొదలవుతుంది. 304 కొంత నయం, 316 అయితే నిశ్చింత, కానీ ఖర్చు తడిసి మోపెడవుతుంది. జీఐ రేకు, రాగి, ఇత్తడి అసలు వద్దు.

సిమెంటు తొట్టికి టైల్స్ వేయించడం ఇంకో దారి. పాత స్టూడియోల వెనక గదుల్లో నేను చూసినవి ఎక్కువగా ఇవే. టైల్‌కు ఏమీ కాదు, టైల్స్ మధ్య పూసిన తెల్ల సిమెంటునే యాసిడ్ తినేస్తుంది. ఈ దారిలో వెళ్తే సందులకు ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) గ్రౌట్ అడగండి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకైనా, మేడ మీద చిన్న గది ఉన్నవాళ్లకైనా నేను చెప్పేది ప్లైవుడ్ పెట్టె, లోపల ఎపాక్సీ పూత. ఇల్లు మారితే విప్పి ఆటోలో వేసుకుపోవచ్చు. ఈ వ్యాసమంతా దాని గురించే.

కావాల్సినవి

- 8 అడుగులు × 4 అడుగుల మెరైన్ ప్లైవుడ్ షీటు ఒకటి, 18 మి.మీ. మందం. షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో మీరే చూడండి. ఐఎస్ 303 ముద్ర ఉంటే అది మామూలు ప్లై. "ఇదీ వాటర్‌ప్రూఫేనండీ" అన్నా తీసుకోవద్దు.
- ఎపాక్సీ రెజిన్, దాని హార్డ్‌నర్, రెండూ కలిపి 3 కిలోలు.
- సన్న అల్లిక గ్లాస్ ఫైబర్ గుడ్డ, చదరపు మీటరుకు 200 గ్రాముల రకం, మూడు మీటర్లు. ఇక్కడ ఫైబర్ పని చేసే షెడ్లలో అడగండి. లేకపోతే చెన్నై నుంచి తెప్పించుకోవచ్చు.
- ఒకటిన్నర అంగుళం ప్లాస్టిక్ వేస్ట్ కప్లింగ్ (తూము రంధ్రంలో బిగించేది), దానికి సరిపడే పీవీసీ పైపు, ట్రాప్ (నీళ్లు నిలిచి వాసన రాకుండా ఆపే వంపు పైపు).
- స్టెయిన్‌లెస్ స్క్రూలు, ఒకటిన్నర లేదా రెండు అంగుళాలవి. మామూలు ఇనుప స్క్రూలు వాడితే రెండో ఏడాదికి పూత కింద నుంచి తుప్పు మరక పైకి తేలుతుంది.
- స్టాండ్‌కు స్లాటెడ్ యాంగిల్ (వరుసగా రంధ్రాలున్న ఇనుప పట్టీ), బోల్టులు. బీరువాలు, ర్యాకులు అమ్మే అంగళ్లలో దొరుకుతుంది.
- సిలికాన్ ట్యూబు, 80, 120 నంబర్ల ఉప్పు కాగితం, రబ్బరు గ్లౌజులు, మాస్కు, గ్రాముల్లో చూపే కాటా, పారేయడానికి సిద్ధపడిన బ్రష్షులు నాలుగైదు.
- రసమట్టం ఒకటి. రెండు గాజు గోళీలు.

గోళీలు ఎందుకో అయిదో మెట్టులో చెప్తాను. మరిచిపోకుండా తెచ్చుకోండి.

1. ఎత్తు తేల్చుకోండి

ముందుగా గదిలో నిలబడండి. సింక్ అడుగు మీ చేతికి ఎక్కడ తగలాలో చూడాలి. నడుము వంచకుండా మోచేతులు కాస్త మడిచినప్పుడు అరచేతులు ఆనేచోటు అది. చాలామందికి నేల నుంచి 32–34 అంగుళాల మధ్య వస్తుంది. లెక్కల కంటే నమ్మకమైన పద్ధతి ఒకటుంది. బల్ల మీద ఇటుకలు పేర్చి, పైన నీళ్లు పోసిన ట్రే పెట్టి, పది నిమిషాలు ఊపుతూ నిలబడండి. నడుము లాగితే ఒక ఇటుక పెంచండి, భుజాలు లాగితే తగ్గించండి. ప్రింటింగ్ అంటే మూడు నాలుగు గంటలు నిలబడే పని. ఇక్కడ పది నిమిషాలు పెట్టకపోతే తర్వాత రోజూ నొప్పి పడాలి.

సింక్ ఉండే వైపు తడి వైపు. ఎన్లార్జర్ (నెగెటివ్‌ను పెద్దది చేసి పేపరు మీద వేసే యంత్రం), పేపరు డబ్బాలు ఉండేది పొడి వైపు. రెండూ ఎదురెదురు గోడలకు ఉంటే మంచిది. గది ఇరుకైతే మధ్యలో రెండడుగుల ఎత్తు అడ్డుపలక నిలబెట్టండి.

2. ప్లై కోయించడం

8×10 అంగుళాల ప్రింట్లకు ఆరడుగుల సింక్ సరిపోతుంది. డెవలపర్ (బొమ్మను తేల్చే కెమికల్), స్టాప్, ఫిక్సర్, నీళ్లు, నాలుగు ట్రేలూ వరుసగా కూర్చుంటాయి. ఒకే షీటులో ఇలా వస్తుంది:

అడుగు పలక 72 × 24 అంగుళాలు. ముందు పలక 73½ × 6. వెనక పలక 73½ × 12, గోడ మీదికి చిమ్మకుండా అది ఎత్తుగా ఉండాలి. పక్క పలకలు రెండు, ఒక్కోటి 24 × 6. మిగిలిన ముక్కలను అడుగున ఆసరా పట్టీలుగా వాడుకోవచ్చు.

ముందు, వెనక పలకల పొడవు ఎందుకు 73½ అంటే, పక్క పలకల మందం కూడా అవే కప్పాలి. ప్లై మందం కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. అందుకని మొదట అడుగు పలక, పక్క పలకలు కోయించి, కలిపి పెట్టి, కొలిచి, అప్పుడు పొడుగు పలకలు కోయించండి. కొలతలన్నీ ఒకేసారి చీటీ మీద రాసిచ్చి వచ్చేస్తే మూలల్లో సందులు తేలతాయి.

3. తూము రంధ్రం ఇప్పుడే

పెట్టె బిగించాక రంధ్రం కొట్టడం కష్టం. తూము నడిమధ్యలో వద్దు, కుడి చివర వెనక మూలలో రావాలి, రెండు అంచులకూ మూడంగుళాల దూరంలో. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు, లేదా డ్రైనేజీ అటువైపు ఉన్నవాళ్లు ఎడమ మూల ఎంచుకోండి.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. కప్లింగ్ పైన పళ్లెం లాంటి అంచు ఉంటుంది, మూడు నాలుగు మి.మీ. మందం. దాన్ని ప్లై మీద అలాగే కూర్చోబెడితే తూము చుట్టూ చిన్న గట్టు కట్టినట్టే. ఎంత వాటం ఇచ్చినా ఆ గట్టు ఎత్తున నీళ్లు ఆగిపోతాయి. అందుకని కప్లింగును బోర్లించి పెన్సిల్‌తో చుట్టూ గీయండి. ఆ గీత లోపల ఉలితో అంచు మందం కంటే ఒక మి.మీ. ఎక్కువ లోతు చెక్కించండి. పైన ఎపాక్సీ పూత కూడా పడుతుంది కదా, ఆ ఒక్క మి.మీ. దానికి. చెక్కాక కప్లింగ్ పెట్టి, మీద స్కేలు అడ్డంగా ఆనించి చూడండి. స్కేలు ఎక్కడా ఎగరకూడదు.

4. పెట్టె బిగింపు

అంచులకు ఎపాక్సీ రాసి, ఆరంగుళాలకో స్క్రూ. స్క్రూ కంటే సన్నని రంధ్రం ముందే వేయించండి, లేకపోతే ప్లై పొరలు విచ్చుకుంటాయి. స్క్రూ తలలు లోపలికి దిగాలి. మూలమట్టం పెట్టి నాలుగు మూలలూ చూడండి. అడుగున రెండడుగులకొకటి చొప్పున ఆసరా పట్టీ అడ్డంగా వేయించండి. ఈ సింక్‌లో రెండంగుళాల నీళ్లు నింపితేనే సుమారు 57 లీటర్లు, అంటే 57 కిలోల బరువు. పట్టీలు లేకపోతే కొన్ని నెలల్లో మధ్యలో దిగి, దిగినచోట గుంట పడుతుంది.

5. స్టాండ్, వాటం, గోళీ

స్లాటెడ్ యాంగిల్‌తో లాభం ఏమిటంటే రంధ్రం మార్చి బోల్టు వేస్తే ఎత్తు మారుతుంది. సన్న తేడాలకు కాళ్ల కింద ప్లాస్టిక్ బిళ్లలు పెట్టుకోవచ్చు.

లెక్క ఇది. అడుగుకు పావు అంగుళం వాటం. ఆరడుగులకు ఒకటిన్నర అంగుళం. అంటే తూము ఉన్న చివర ఒకటిన్నర అంగుళం కిందికి ఉండాలి. దాంతోపాటు ముందు నుంచి వెనక్కి కూడా పావు అంగుళం వాలు ఇవ్వాలి, తూము వెనక మూలలో ఉంది కాబట్టి. ఈ రెండో వాటం చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే నీళ్లు కింది చివరకు వచ్చి, ముందు మూలలో తూముకు ఎదురుగా నిలిచిపోతాయి.

మా కార్పెంటర్ రసమట్టం పెట్టి చూసి, "వాటం బ్రహ్మాండంగా ఉంది సార్, పూత కొట్టేయండి" అన్నాడు. నేను గోళీ తీసి పైచివర ముందు మూలలో వదిలాను. అది సగం దూరం వచ్చి, పక్కకు తిరిగి, ముందు పలకకు ఆనుకుని ఆగింది. ప్లై షీటులోనే సన్నని వంపు ఉంది. రసమట్టం రెండడుగుల పొడవు, దానికి ఆ వంపు తెలియలేదు. అడుగున పట్టీకీ పలకకీ మధ్య బిళ్ల దూర్చి ఎత్తాక గోళీ తిన్నగా తూములోకి దొర్లింది.

కాబట్టి మీరూ నాలుగు మూలల నుంచీ, నాలుగు అంచుల మధ్య నుంచీ, పలక నడిమధ్య నుంచీ గోళీ వదలండి. తొమ్మిది చోట్ల నుంచీ అది తూము ఉన్న మూలకే చేరాలి. చేరేదాకా తర్వాతి మెట్టుకు పోవద్దు. పూత పడ్డాక వాటం సరిచేయాలంటే మొత్తం గీకాలి.

6. మూలలకు లప్పం

గ్లాస్ గుడ్డ మడత మూలకు వంగదు. వంచితే వెనక గాలి చేరుతుంది, గాలి ఉన్నచోట తర్వాత పగులుతుంది. అందుకే మూలలను గుండ్రం చేయాలి. కలిపిన ఎపాక్సీలో టాల్కం పొడి గానీ, ఉప్పు కాగితంతో రుద్దినప్పుడు రాలిన మెత్తటి చెక్కపొడి గానీ కలపండి. చెంచా తిరగేసినా జారకుండా, వేరుశనగ చట్నీ గట్టిగా రుబ్బినట్టు ఉండాలి. మూల పొడవునా పెట్టి, పాత స్టీలు గరిటె వెనకభాగంతో ఒకే ఊపులో లాగండి. గరిటె వంపే మూలకు వస్తుంది. పక్కలకు ఎగదన్నిన లప్పాన్ని అప్పుడే తీసేయండి, గట్టిపడ్డాక రాయిలా ఉంటుంది. స్క్రూ తలల గుంతలూ ఇదే లప్పంతో నింపండి.

7. ఎపాక్సీ పూత

ఈ మెట్టులో తొందర వద్దు. ముందు జాగ్రత్తలు చెప్తాను.

రెజిన్, హార్డ్‌నర్ పాళ్లు డబ్బా మీద రాసినట్టే, కాటా మీద తూచి కలపాలి. తొందరగా గట్టిపడాలని హార్డ్‌నర్ ఎక్కువ పోసేవాళ్లున్నారు. ఎక్కువ పోస్తే జిగురు జిగురుగానే మిగిలిపోతుంది, ఎన్నటికీ ఆరదు. ఒక్కసారికి 200 గ్రాములకు మించి కలపవద్దు. కలిపాక లోతు డబ్బాలో ఉంచకుండా వెడల్పు పళ్లెంలో పోసుకోండి. మన ఎండల్లో డబ్బాలో వదిలేస్తే కలిసిన ముద్ద వేడెక్కి పొగలు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున చేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల తేమకు పూత మీద తెల్లటి జిడ్డు తేలుతుంది. నన్నడిగితే సంక్రాంతి తర్వాత, జనవరి–ఫిబ్రవరి ఈ పనికి సరైన కాలం.

గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. చర్మానికి ఒకసారి పడకపోవడం మొదలైతే జీవితాంతం పడదు. చేతికంటితే థిన్నర్‌తో కాదు, సబ్బుతో కడగండి. కిటికీలు తీసి ఉంచండి.

ఇంకొక హెచ్చరిక. ఫైబర్ షెడ్‌లో ఎపాక్సీ లేదని పాలిస్టర్ రెజిన్ ఇవ్వచ్చు, చౌక కూడా. చెక్కకు అది ఎపాక్సీ అంత గట్టిగా పట్టదు. పైగా దానికి కోబాల్ట్ ద్రవం ఒకటి, హార్డ్‌నర్ ఒకటి విడిగా ఇస్తారు. ఆ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి పోస్తే మంట లేస్తుంది, పేలవచ్చు కూడా. ఆ పని తెలిసినవాళ్ల చేతే చేయించండి.

పని వరుస:

మొదటి పూత పలచగా, లోపలా బయటా అడుగునా, తూము రంధ్రం లోపలి అంచుకూ. రంధ్రం అంచు మరవద్దు. ప్లై నీళ్లు తాగేది అక్కడి నుంచే. ఆ అంచుకు రెండుసార్లు పూయండి.

మొదటి పూత వేలికి అంటుకోకుండా, గోరు నొక్కితే గుర్తు పడే స్థితికి వచ్చినప్పుడు గ్లాస్ గుడ్డ పరవండి. అడుగున పరిచి, గోడల మీదికి నాలుగంగుళాలు ఎక్కించండి. గోడలకు వేరే ముక్కలు, అడుగు గుడ్డ మీద రెండంగుళాలు కలిసేలా. మధ్య నుంచి అంచులకు బ్రష్షుతో ఎపాక్సీ అద్దుతూ పోండి. తెల్లటి గుడ్డ తడిసి గాజులా మారి కింద ప్లై గీతలు కనబడాలి. తెల్లగా మిగిలినచోట ఎపాక్సీ చాలలేదని అర్థం. అక్కడ ఇంకొంచెం అద్దండి. బుడగ కనిపిస్తే బ్రష్షు మొనతో పొడిచి నొక్కండి.

అల్లిక ఆనవాలు పోయేదాకా పైన రెండు పూతలు. మధ్యలో రాత్రి గడిచి పూత పూర్తిగా గట్టిపడితే, మొదట నీళ్లతో పీచు పెట్టి కడగండి, తుడిచి, 120 నంబరు కాగితంతో రుద్ది, అప్పుడు పూయండి. కడగకుండా రుద్దితే ఆ తెల్ల జిడ్డు కాగితంతో పాటు లోపలికి దిగి పై పూత పొరలుగా ఊడుతుంది. రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి.

చివరి పూతగా లేత బూడిద రంగు ఎపాక్సీ పెయింటు వేయించుకుంటే సేఫ్‌లైట్ (ఫోటో పేపరును పాడుచేయని మసక దీపం) వెలుగులో ట్రేల అంచులు బాగా కనబడతాయి. నలుపు వద్దు, మరకలు తెలియవు.

వారం ఆగండి. ఆ తర్వాత రూపాయి బిళ్లతో అడుగంతా తట్టుకుంటూ పోండి. గట్టి చప్పుడు మధ్యలో ఎక్కడైనా బోలుగా మోగితే అక్కడ గుడ్డ కింద గాలి ఉంది. బ్లేడుతో కోసి, ఎపాక్సీ నింపి, చిన్న గుడ్డముక్క మీద వేయండి.

8. కప్లింగ్, గొట్టాలు

చెక్కిన గుంతలో సిలికాన్ పూసి కప్లింగ్ కూర్చోబెట్టి, కింద నుంచి నట్టు చేత్తో బిగించండి. పానా పెట్టి తిప్పితే ప్లాస్టిక్ పగులుతుంది. ఒక రోజు ముట్టుకోవద్దు. నిగనిగలాడే ఇత్తడి కప్లింగ్ ఇస్తే తిరిగి ఇచ్చేయండి, ఫిక్సర్ దాన్ని తినేస్తుంది.

డ్రైనేజీకి కలిపేటట్టయితే ట్రాప్ తప్పక పెట్టాలి, లేకపోతే వాసన, బొద్దింకలు. ఇల్లు అద్దెదై గోడ కొట్టనివ్వకపోతే కింద 20 లీటర్ల ప్లాస్టిక్ క్యాన్ పెట్టి పైపు అందులోకి వదలండి. క్యాన్ సగం నిండినప్పుడే పారబోయడం అలవాటు చేసుకోండి, చీకట్లో నిండి పొర్లితే తెలియదు.

పైన కొళాయి ఒకటి చాలు, మూడడుగుల రబ్బరు గొట్టం తొడిగితే అన్ని మూలలూ కడగవచ్చు.

తూములో నిలబెట్టడానికి రెండంగుళాల ఎత్తు పీవీసీ ముక్క ఒకటి కోసి ఉంచుకోండి, అడుగు చివర రబ్బరు వాషరు బిగుతుగా తొడగాలి. దీన్ని నేను అలుగు గొట్టం అంటాను. చెరువుకు అలుగు ఎట్లాగో ఇది అట్లాగే. సింక్‌లో నీళ్లు ఆ ఎత్తు దాకా నిలిచి, మించినవి దాని గుండా పోతాయి. వేసవిలో మేడ మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి కదా. డెవలపర్‌కేమో 20 డిగ్రీలు కావాలి. అలుగు గొట్టం నిలబెట్టి, సింక్‌లో కుండ నీళ్లు పోసి, ఐసు గడ్డలు వేసి, ట్రేలూ సీసాలూ అందులో కూర్చోబెడితే వేడి దిగుతుంది. 20 దాకా దించడం కష్టమైన రోజుల్లో 24 దగ్గర నిలకడగా ఉంచి, ఫిల్ము కంపెనీ ఆ వేడికి ఇచ్చిన సమయం వాడండి. సెషన్ మధ్యలో వేడి మారకుండా ఉండడం ముఖ్యం.

9. నీళ్ల పరీక్ష, కెమికల్ తెరవక ముందు

తూము మూసి రెండంగుళాల నీళ్లు పోయండి. నీటిమట్టం దగ్గర పెన్సిల్ గీత. సింక్ కింద నేల మీద, అతుకుల సూటిగా, పాత పేపర్లు పరవండి. పక్కనే ఒక గిన్నెలో నీళ్లు పోసి దానికీ గీత పెట్టండి. 24 గంటలు వదిలేయండి.

గిన్నె ఎందుకంటే, మన ఎండకు నీళ్లు ఆవిరై గీత కిందికి దిగడం మామూలే. గిన్నెలో ఎంత దిగిందో సింక్‌లోనూ అంతే దిగితే కారడం లేదు. సింక్‌లో ఎక్కువ దిగినా, పేపరు మీద తడి చుక్క కనిపించినా ఎక్కడో కారుతోంది. పదింట తొమ్మిదిసార్లు అది కప్లింగ్ దగ్గరే ఉంటుంది.

తర్వాత తూము తెరిచి నీళ్లు పోనివ్వండి. పై చివర ఒక చెంబు నీళ్లు పోసి అయిదు నిమిషాలు ఆగి, టార్చి లైటు పక్కవాటుగా పట్టి చూడండి. తడి ఉంటే ఫరవాలేదు, మడుగు ఉండకూడదు. అరచేయంత మడుగు కనిపిస్తే కాళ్ల కింద బిళ్లలు సర్ది మళ్లీ పోయండి.

10. ట్రేల కింద చట్రం

సింక్ వాలుగా ఉంది కాబట్టి ట్రేలను నేరుగా పెడితే కెమికల్ ఒక పక్కకు చేరుతుంది. దానికి చెక్క రీపర్లతో చట్రం కట్టి, పాదాల ఎత్తు వాటానికి సరిపడా మార్చండి. పై చివర ముందు పాదం అరంగుళం, వెనకది ముప్పావు అంగుళం. తూము చివర ముందుది రెండంగుళాలు, వెనకది రెండుంపావు. మధ్యలోనూ పాదాలు కావాలి, వాటిని అక్కడికక్కడ కొలిచి పెట్టుకోండి. మూడేసి అడుగుల చట్రాలు రెండు విడివిడిగా చేస్తే ఎత్తి కడుక్కోవడం సులువు. చెక్కకు ఎపాక్సీ పూయాలి. పాదాల కింద రబ్బరు ముక్క అతికిస్తే సింక్ పూత గీసుకుపోదు. పైన రసమట్టం పెడితే బుడగ మధ్యలో నిలవాలి.

ట్రేల వరుస పైచివర నుంచి కిందికి: డెవలపర్, స్టాప్, ఫిక్సర్, నీళ్లు. ఫిక్సర్ చుక్కలు డెవలపర్ వైపు పారకూడదు కాబట్టి ఈ వరుస మార్చవద్దు.

కరెంటు, గాలి

సింక్ పైన గానీ చేయి చాస్తే అందేంత దూరంలో గానీ సాకెట్ పెట్టవద్దు. గది లైనుకు 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించండి, ఇందులో రాజీ లేదు. సేఫ్‌లైట్ తాడు లాగే స్విచ్చుతో ఉంటే తడి చేతుల భయం తగ్గుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను సింక్ వెనక గోడకు, ట్రేల ఎత్తుకు కొంచెం పైన ఉండాలి. మీ తల వెనక పైన పెడితే ఆవిరి మీ ముక్కు ముందు నుంచే పోతుంది.

రోజూ వాడేటప్పుడు

పని అయ్యాక గొట్టంతో సింక్ అంతా కడిగి, మెత్తటి గుడ్డతో తుడవండి. బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ ఈ సింక్‌లోకి రానివ్వద్దు. బ్లీచింగ్‌కు స్టాప్ బాత్ యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో ప్రాణాలకే ప్రమాదం.

కడిగింది చాలిందో లేదో చూడడానికి మన వంటింటి పసుపు ఉంది. పసుపు నీళ్లలో తెల్ల కాగితం ముక్కలు ముంచి ఆరబెట్టుకోండి. డెవలపర్ ట్రే ఉండేచోట తడి చేసి ఈ కాగితం అద్దండి. పేపర్ డెవలపర్ మిగిలి ఉంటే పసుపు ఎర్రబారుతుంది, పారాణి కలిపినప్పుడు సున్నానికి ఎర్రబారినట్టే. రంగు మారకపోతే శుభ్రం. ఫిక్సర్‌కు ఈ పరీక్ష పనిచేయదు, అక్కడ రెండుసార్లు కడగండి.

వాడిన ఫిక్సర్‌ను తూములో పోయవద్దు. అందులో ప్రింట్ల నుంచి కరిగిన వెండి ఉంటుంది. సెప్టిక్ ట్యాంకులో పనిచేసే సూక్ష్మజీవులకూ, కాలువకూ, బోరు నీళ్లకూ మంచిది కాదు. ప్లాస్టిక్ బకెట్‌లో పోసి, ఉత్త ఇనుప పీచు ఉండలు వేసి, మూత వదులుగా పెట్టి వారం ఉంచండి. ఇనుము కరిగి, దాని స్థానంలో వెండి నల్లటి మడ్డిగా దిగుతుంది. అంట్లు తోమే మెరిసే పీచు వేస్తే ఏమీ జరగదు, అది తుప్పు పట్టని రకం. మన పనికి కావాల్సింది తుప్పు పట్టేదే, హార్డ్‌వేర్ అంగట్లో చెక్క పాలిష్‌కు అమ్ముతారు. పని అయిందో లేదో తెలియాలంటే బాగా తోమిన రాగి తీగ ముంచి పది నిమిషాలు చూడండి. తీగ మీద తెల్లటి వెండి పూత పడితే ఇంకా వెండి ఉంది, మరో ఉండ వేయాలి.

ఏడాదికొకసారి ట్రేలన్నీ తీసేసి, టార్చి పక్కవాటుగా పట్టి, తూము చుట్టూ, ముందు పలక పై అంచు, మూలలు చూసుకోండి. వెంట్రుకంత పగులు కనిపిస్తే ఆ రోజే రుద్ది ఎపాక్సీ పెట్టండి. నీళ్లు ప్లైలోకి దిగి పొర ఉబ్బితే ఆ పలక మొత్తం మార్చాల్సి వస్తుంది.